ఆవు మాయలోనూ కాటిలిడనే, శనగపప్పులోనూ కాటిలిడనే, ఏందీ పేరు కథ?

పాలేటి గట్టు

అందరికీ నమస్కారం. మాది టంగుటూరు పక్కన పల్లె. అడిగేది కొంచెం వింతగా ఉంటుంది, నవ్వకండి.

మొన్న రాత్రి మా ఆవు ఈనింది. ఒంగోలు జాతిదే, మూడో ఈత, కోడెదూడ. దూడ బాగానే లేచి పాలు తాగింది కానీ తెల్లారి పది దాటినా, మధ్యాహ్నమైనా మాయ పడలేదు, సగం బయటికొచ్చి వేలాడుతానే ఉంది. పోయినేడు గేదెకి ఇట్టాగే అయితే ఊళ్ళో ఒకాయన వచ్చి చేత్తో పట్టి లాగేశాడు, తర్వాత అది వారం రోజులు చీముతో, జ్వరంతో, మేత ముట్టకుండా పడ్డ బాధ నాకింకా కళ్ళముందే ఉంది. అందుకని ఈసారి ఎవర్నీ చెయ్యి పెట్టనీయకుండా డాక్టరు గారికి ఫోన్ చేశాను.

ఆయన సాయంత్రం వచ్చి, భుజం దాకా గ్లవుజు తొడుక్కుని, లోపల చెయ్యి పెట్టి చూసి "కాటిలిడన్లు ఇంకా వదల్లేదయ్యా, ఇప్పుడు లాగితే గర్భసంచికి దెబ్బ, మందేస్తాను, రెండు మూడు రోజులు ఓపిక పట్టు" అన్నారు. పక్కన సెల్ లైటు పట్టుకుని మా అమ్మాయి నిలబడి ఉంది. ఇంటర్ మొదటి సంవత్సరం, బైపీసీ. అది ఊరుకోదు కదా, "సార్, కాటిలిడన్ అంటే బీజదళం కదా, శనగపప్పు బద్ద, అది ఆవు కడుపులో ఎందుకుంటుంది?" అనింది. డాక్టరు గారు చెయ్యి అట్టాగే ఉంచి కాసేపు ఆగి "అవునమ్మా, రెండూ ఒకటే మాట, నేనూ రెండు చోట్లా చదువుకున్నాను, ఎందుకో అని ఎప్పుడూ అనుకోలేదు" అని నవ్వేశారు.

అప్పట్నుంచి ఇంట్లో ఇదే గోల. మా పొలంలో ఏటా జేజీ-11 శనగే వేస్తాం, పప్పు సంగతి నాకు తెలుసు, మాయ సంగతీ తెలుసు, ఈ రెంటికీ చుట్టరికం ఏందో మాత్రం తెలియడం లేదు. నిజంగా ఒకటే పదమా? అయితే ముందు మొక్కకి పెట్టారా, జంతువుకి పెట్టారా? అసలు దాని అర్థం ఏంది? తెలిసినవాళ్ళు చెప్పండబ్బా, పిల్ల రోజూ ప్రాణం తీస్తా ఉంది.

గిద్దలూరు కుర్రోడు

అన్నా, రెండూ వేరే వేరే పదాలై ఉంటాయి, పలకడంలో ఒకేలా ఉంటాయంతే. మనకి మావి అంటే మామిడీ అవుతుంది, ఈనినాక పడే మాయా అవుతుంది, అంతమాత్రాన మామిడిచెట్టుకీ ఆవుకీ సంబంధం ఉందంటామా? ఇదీ అట్టాంటిదే. ఆవు ఎట్టా ఉందో చెప్పు ముందు.

ఉదయగిరి వెట్

అన్నా, ముందు ఆవు సంగతి. మీ డాక్టరు గారు చేసింది కరెక్టు. మామూలుగా ఈనిన 12 గంటల్లోపు మాయ పడిపోవాలి, 24 గంటలు దాటిందంటే మాయ ఆగిపోయినట్టే లెక్క. అయినా లాగకూడదు, దానికి రాయీ చెప్పూ కట్టి బరువు వేలాడదీసేవాళ్ళు కూడా ఉన్నారు, అదీ చెయ్యకండి. వేలాడే ముక్క నేలకి తగిలి మట్టీ పేడా అంటుకుంటుంటే అంతవరకు కత్తిరిస్తే చాలు. ఆవు మేత మానేసినా, ఒళ్ళు కాలినా, కంపు ఎక్కువైనా మళ్ళీ పిలవండి, డాక్టరు దొరక్కపోతే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి. ఇంకో మాట, వట్టి చేతులతో మాయ ముట్టుకోవద్దు. బ్రూసెల్లోసిస్ అని ఒక రోగం ఉంది, పశువుకి ఈసుకుపోవడాలు, మాయ పడకపోవడాలు తెస్తుంది, మనిషికి అంటితే నెలల తరబడి జ్వరం. అన్ని కేసులూ అది కాదు, నెలలు నిండకుండా ఈనినా, కవలలైనా, ఈత కష్టమైనా, ఒంట్లో కాల్షియం, సెలీనియం తక్కువైనా మాయ ఆగుతుంది.

ఇక పాప అడిగిన దానికొస్తే, ఆవులో కాటిలిడన్ అంటే ఏందో నేను చెప్పగలను, పప్పు సంగతి వేరేవాళ్ళు చూసుకోండి.

మనిషిలో మాయ ఒకే పళ్ళెంలా ఉంటుంది. కుక్కలో నడుముకు కట్టిన పట్టీలా ఉంటుంది. గుర్రానికీ పందికీ పొర అంతటా పరుచుకుని ఉంటుంది. ఆవు, గేదె, గొర్రె, మేక వీటికి మాత్రం ముద్దలు ముద్దలుగా ఉంటుంది. గర్భసంచి లోపలి గోడకి కండ గుండీల్లాంటివి పుట్టుకతోనే ఉంటాయి, వాటిని కరంకుల్ అంటాం. ఆవుకి ఇవి 70 నుంచి 120 దాకా పనిచేస్తాయి. చూడి కట్టాక, దూడ చుట్టూ ఉన్న పొర మీద ఒక్కో గుండీకి ఎదురుగా ఎర్రటి కుచ్చు ఒకటి పెరుగుతుంది. అదే కాటిలిడన్. కుచ్చులోని సన్నటి వేళ్ళు గుండీలోని గుంటల్లో దిగి కరుచుకుంటాయి, టిచ్ బటన్ నొక్కినట్టు. తల్లి రక్తం దూడ రక్తం కలవవు, కానీ మేతా గాలీ అంతా ఈ గుండీల దగ్గరే చేతులు మారుతుంది. ఈనాక ఆ వేళ్ళు పట్టు వదలాలి. వదలకపోతే, అదే మీ ఆవు కథ. లాగితే కుచ్చు తెగి ముక్క లోపలే ఉండిపోతుంది, లేదంటే గుండీయే చిరిగి రక్తం పోతుంది.

ఒక చిన్న సంగతి, ఎందుకో చెప్పాలనిపిస్తా ఉంది. ఆవులో తల్లి వైపు గుండీ ఉబ్బెత్తుగా ఉంటుంది, దూడ వైపు కుచ్చు దాని మీద టోపీలా కూర్చుంటుంది. గొర్రెలో, మేకలో దానికి తిరగబడి ఉంటుంది, తల్లి వైపు ముద్దే లోపలికి గుంటపడి చిన్న గిన్నెలా ఉంటుంది, కుచ్చు ఆ గిన్నెలో దిగుతుంది. ఒకసారి మా పక్క జోడిపి గొర్రె, నిండు చూడిది, చచ్చిపోతే కోసి చూడాల్సొచ్చింది. గర్భసంచి తెరిచి పిల్లని తీసేసి పొర ఒలిస్తే లోపల వరసగా గిన్నెలే, అచ్చం గుంతపొంగణాల పెనం లాగా. నేను ఆరోజు పొంగణాలు తినలేదు.

కావలి మాష్టారు

నేను బాటనీ పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. కొంచెం పొడుగ్గా రాస్తాను, పాప కోసం.

గిద్దలూరు కుర్రోడూ, మావి ఉదాహరణ బాగుంది నాయనా, కానీ ఇక్కడ పనికిరాదు. ఇది రెండు పదాలు కాదు, ఒకటే. ఉదయగిరి వెట్ బాబు గొర్రె గిన్నెల మాట రాశాడే, ఆ వాక్యం చదివి లేచి కూర్చున్నాను, ఎందుకంటే పేరు పుట్టిందే ఆ గిన్నెలోంచి.

గ్రీకులో కొటులే అంటే గిన్నె, చిన్న దొప్ప. అదే పేరుతో వాళ్ళకి ఒక కొలత కూడా ఉండేది, మనకి గిద్ద, సోల ఉన్నట్టు, ఇప్పటి లెక్కలో పావు లీటరు కన్నా కొంచెం ఎక్కువ. ద్రాక్షసారా, నూనె దానితో కొలిచేవాళ్ళు. గిన్నెలా గుంటగా కనిపించిన ప్రతిదానికీ వాళ్ళు ఈ పేరే తగిలించారు. తొడ ఎముక తల కూర్చునే తుంటి గుంటని కూడా కొటులే అన్నారు. (తర్వాత లాటిన్ వాళ్ళు దాన్నే అసిటాబులమ్ అన్నారు, అదీ గిన్నే, వెనిగర్ పోసుకునే గిన్నె. ఆర్థోపెడిక్ డాక్టర్లు ఇప్పటికీ అదే పేరు వాడుతున్నారు.) కొటులే లోంచి వచ్చిందే కొటులెడోన్, గిన్నెలాంటి గుంట అని. ఆక్టోపస్ కాళ్ళ మీద పట్టుకునే గుంటలుంటాయి కదా, అరిస్టాటిల్ వాటినీ ఈ మాటతోనే పిలిచాడు.

ఆవు, గొర్రెల సంగతి కూడా అరిస్టాటిలే రాశాడు, క్రీస్తుకు ముందు 4వ శతాబ్దంలో. కొమ్ములుండి, పై దవడకి ముందుపళ్ళు లేని జంతువుల గర్భసంచిలో చూడితో ఉన్నప్పుడు ఈ గుంటలు ఉంటాయని. ఆవు నోరు తెరిచి చూడు పాపా, పైన ముందుపళ్ళు ఉండవు, గట్టి చిగురే ఉంటుంది. ఆ రోజుల్లో గ్రీసులో ఎక్కువగా కోసింది గొర్రెలనీ మేకలనే, అందుకే గిన్నె గుర్తొచ్చిందేమో అని నా ఊహ. ఆవుని చూసి పేరు పెట్టి ఉంటే టోపీ అని పెట్టేవాళ్ళు. ఇంకో తమాషా, అప్పట్లో ఆ పేరు తల్లి వైపు గుంటది, ఇప్పుడు వెట్ బాబు చెప్పినట్టు పిల్ల వైపు కుచ్చుకి పోయింది. పేరు గోడ దాటింది.

మొక్కల్లోకి వద్దాం. మొక్కల్లో ఈ పేరు మొదట పెట్టింది గింజకి కాదు, ఒక ఆకుకి. యూరప్‌లో రాళ్ళ సందుల్లో, పాతగోడల మీద పెరిగే చిన్న మొక్క ఒకటుంది, మన సరస్వతి ఆకంత గుండ్రటి ఆకు, మధ్యలో బొడ్డులాగా గుంట. దాన్ని పాతకాలం వైద్యులు కొటులెడోన్ అన్నారు. గిన్నెలా ఉంది కాబట్టి గిన్నె, అంతే. శనగపప్పుకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

గింజలోని బద్దకి ఈ పేరు రావడం చాలా తర్వాతి సంగతి. 17వ శతాబ్దంలో ఇటలీలో మార్సెల్లో మాల్పిగీ అని ఒక వైద్యుడు, సూక్ష్మదర్శినితో కోడిగుడ్డులో పిల్ల రోజురోజుకీ ఎట్టా తయారవుతుందో బొమ్మలు గీశాడు, ఆ చేత్తోనే నానబెట్టిన గింజలు రోజురోజుకీ ఎట్టా మొలుస్తాయో కూడా గీశాడు. ఒకే మనిషి, ఒకే కన్ను. గింజని చూసినా గర్భమే గుర్తొచ్చే కాలం అది. 1682లో ఇంగ్లాండులో జాన్ రే, గింజలో బద్ద ఒకటా రెండా అన్నదాన్ని బట్టి మొక్కల్ని విడదీయొచ్చన్నాడు, మీరు ఇంటర్లో ఏకదళబీజాలు, ద్విదళబీజాలు అని చదివేది అక్కడ మొదలైందే. ఆ తర్వాత 1751లో స్వీడన్ వాడు లిన్నేయస్ తన బాటనీ సూత్రాల పుస్తకంలో కాటిలిడన్‌ని గింజలోని భాగంగా లెక్కకట్టి స్థిరపరిచాడు. దానికి ఆయన ఇచ్చిన నిర్వచనం లాటిన్లో నాలుగైదు మాటలే. తెలుగులో చెబితే, గింజలో పక్కనుండేది, పీల్చుకునేది, రాలిపోయేది.

ఈ మాటలు ఆవు మాయకి పెట్టి చూడండి. పక్కనుంటుంది, పీల్చుకుంటుంది, పని అయ్యాక రాలిపోతుంది. సరిపోయిందా లేదా? అంటే జంతువులో ఆకారం చూసి పెట్టిన పేరు, గింజలోకి వచ్చేసరికి పని చూసి పెట్టిన పేరయింది. శనగబద్దలో గిన్నె ఎక్కడుందని వెతకొద్దు, దొరకదు. పిల్లకి తిండి అందించే చోటు ఎక్కడుందని వెతకండి, దొరుకుతుంది. లిన్నేయస్ అయితే గింజ మొలిచేటప్పుడు ఈ బద్దలు ఎన్ని, ఎట్టా ఉన్నాయన్న దానికే ప్లాసెంటేషియో అని పేరు పెట్టాడు, అంటే మాయ అమరిక అని. ఆ మాట తర్వాత వేరే పనికి పోయింది, ఇప్పుడు ప్లాసెంటేషన్ అంటే కాయలో అండాలు అంటుకునే తీరు, మన పుస్తకాల్లో అండన్యాసం.

పాపకి ఒక పని చెప్పండి. గుప్పెడు శనగలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక గింజ పైతోలు వేళ్ళతో నొక్కి తీసి, గోటితో మెల్లిగా రెండుగా విప్పమనండి. ముక్కులా పొడుచుకొచ్చిన కొన దగ్గర, ఒక బద్దకి అంటుకుని ఆవగింజంత మొక్క కనిపిస్తుంది. వేరు కొన బయటికి, మొగ్గ లోపలికి. అది దూడ. మిగతాదంతా, అంటే మనం పప్పు అని వండుకునేదంతా, రెండు కాటిలిడన్లే.

పాలేటి గట్టు

మాష్టారూ దండం. చదివి వినిపించాను, మా అమ్మాయి "పీల్చుకునేది, రాలిపోయేది" నోట్సులో రాసుకుంది. ఆవు ఇంకా అట్టాగే ఉంది, మేత మాత్రం తింటోంది.

నాకో సందేహం. రాలిపోయేది అన్నారు, మా శనగ చేలో బద్దలు రాలడం నేనెప్పుడూ చూడలేదే? నల్లరేగట్లో గింజ వేస్తే మొలకొక్కటే పైకొస్తుంది. మినుముకీ అలసందకీ మాత్రం రెండు బద్దలూ నెత్తిన పెట్టుకుని లేస్తాయి.

కావలి మాష్టారు

రైతు కన్ను అంటే ఇదీ. నిజమే, శనగ, కంది, బఠాణీ వీటి బద్దలు భూమిలోనే ఉండి, అక్కడే కరిగి, ముడుచుకుపోతాయి. మినుము, పెసర, అలసంద, చిక్కుడు, చింత వీటివి పైకి లేస్తాయి. చింతమొలక చూడండి, లావాటి బద్దలు రెండూ దోసిలి పట్టినట్టు విచ్చుకుని, పచ్చబడి, నాలుగు నిజం ఆకులు రాగానే తోలులా వడిలి పడిపోతాయి. లిన్నేయస్ పైకి లేచేవాటిని చూసి రాసినట్టున్నాడు.

ఆముదం ఇంకా బాగుంటుంది. దాంట్లో తిండి బద్దల్లో ఉండదు, చుట్టూ ఉన్న నూనె కండలో ఉంటుంది. బద్దలు రెండూ కాగితాల్లా పల్చగా, ఈనెలతో సహా ఉండి, ఆ కండని అంటిపెట్టుకుని పీల్చి మొలకకి అందిస్తాయి. మాయ చేసే పనికి దీనికన్నా దగ్గరి పోలిక ఉండదు అనుకుంటున్నాను. పనిలో పని, ఆముదం గింజ కొనన తెల్లటి మెత్తటి బుడిపె ఉంటుంది, దాన్నీ కరంకుల్ అనే అంటాం! వెట్ బాబు గుండీకి చెప్పిన పేరే. లాటిన్లో చిన్న కండముక్క అని అర్థం. కంటి లోపలి కొలికిలో గులాబీరంగు ముద్ద కనిపిస్తుందే, అదీ కరంకులే.

లేబర్‌రూమ్ సిస్టర్

నెల్లూరు నుంచి. నేను పదహారేళ్ళుగా కాన్పుల వార్డులో ఉన్నాను, మా వైపు మాట కూడా ఒకటి చేర్చండి.

మనుషుల మాయలోనూ కాటిలిడన్లు ఉంటాయి, ఆవులోలా విడివిడిగా కాదు. కాన్పు అయ్యాక మాయ బయటికి రాగానే ట్రేలో వేసి చూస్తాం, అర కిలో దాకా ఉంటుంది. బిడ్డ వైపు నున్నగా మెరుస్తూ, రక్తనాళాలు చెట్టు కొమ్మల్లా ఉంటాయి, మధ్యలో బొడ్డుతాడు. తిప్పితే తల్లి వైపు, ముదురు ఎరుపు, గడ్డలు గడ్డలుగా, మధ్యమధ్య గాళ్ళు. ఆ గడ్డలే కాటిలిడన్లు, 15 నుంచి 20 దాకా ఉంటాయి. రెండు అరచేతులూ దోసిలి పట్టి దాన్ని అందులో పెట్టుకుంటే గడ్డలన్నీ దగ్గరికొచ్చి అతుక్కున్నట్టు కూర్చోవాలి. ఎక్కడైనా గుంట కనిపించి, అంచు చిరిగినట్టుంటే, ఒక కాటిలిడన్ లోపల ఉండిపోయిందని టెన్షన్ మొదలు. ముక్క లోపలుంటే గర్భసంచి సరిగా ముడుచుకోదు, రక్తం ఆగదు. కొత్త పిల్లలకి నేను మొదటి రోజే నేర్పేది ఇది, "బిడ్డ ఏడ్చాడని మురిసిపోకండి, మాయ తిప్పి చూడండి" అని.

ప్లాసెంటా అంటే ఏమిటో మా ట్రైనింగులో ఒక మేడమ్ చెప్పారు, లాటిన్లో రొట్టె, పిండివంట. ఆకారం చూసి పెట్టారట. జర్మన్ వాళ్ళు ఇప్పటికీ తల్లిరొట్టె అనే అంటారు. పేర్లు పెట్టినవాళ్ళందరూ ఆకలి మీద ఉన్నట్టున్నారు, ఒకరికి గిన్నె కనిపిస్తే ఒకరికి రొట్టె కనిపించింది.

ఇసకపల్లి గాలి

అక్కా సూపర్. నాదొక చిన్న డౌటు, సంబంధం ఉందో లేదో. మా సముద్రం పక్కన మొలకొచ్చిన కొబ్బరికాయ కొడితే లోపల తెల్లగా, స్పంజిలా, తియ్యగా గుండ్రటి ముద్ద ఉంటుంది, కొబ్బరి పువ్వు అంటాం. ఇప్పుడు బళ్ళ మీద పెట్టి అమ్ముతున్నారు కూడా. అది పువ్వా, గింజా, బద్దా? తేగల కోసం పాతిన తాటిటెంకె పగలగొట్టినా అట్టాంటిదే ఉంటుంది, బుర్రగుంజు అని చిన్నప్పుడు తినేవాళ్ళం.

కావలి మాష్టారు

సంబంధం ఉందా అంటున్నావా, అసలు సంబంధం అదే నాయనా! అది పువ్వు కాదు. కొబ్బరి ఏకదళబీజం, దాని ఒకే ఒక్క కాటిలిడన్ అది. కాయకి మూడు కళ్ళుంటాయి కదా, అందులో మెత్తటి కన్ను వెనకే పిల్లమొక్క వేలి కొనంత ఉంటుంది. మొలక బయటికి కదలగానే, బద్ద తాలూకు కొన లోపలికి ఉబ్బడం మొదలుపెడుతుంది. నీళ్ళున్న ఖాళీ అంతా నిండిపోయి, చుట్టూ కొబ్బరి గోడకి అంటుకుని, దాన్ని కరిగించి పీల్చి బయట మొక్కకి పంపుతుంది. పువ్వు పెద్దదయ్యే కొద్దీ కొబ్బరి పల్చబడి జిగురుగా అవుతుంది, గమనించే ఉంటావు. తాటిగుంజూ అంతే. బయటికి రాకుండా, ఆకుగా మారకుండా, మూసిన పెంకులో ఉండి పీల్చడమే దాని పని. కాలేజీలో నేను కొబ్బరి పువ్వు కోసి చూపించాకే పిల్లలకి కాటిలిడన్ అంటే ఏందో తలకెక్కేది, తర్వాత ఆ స్పెసిమెన్ క్లాసులోనే మాయమయ్యేది.

మూలపేట వంటిల్లు

అయితే నా ప్రశ్న, వరీ ఏకదళబీజమే కదా మాష్టారూ, మరి బియ్యంలో కాటిలిడన్ ఎక్కడుంటుంది? మొలగొలుకులు తినే ఊరివాళ్ళం, తెలుసుకోవద్దా.

కావలి మాష్టారు

బియ్యంలో ఉండదమ్మా, మిల్లులోనే పోయింది. ఒక గింజ తీసి వెలుతురులో చూడండి, ఒక కొన గుండ్రంగా ఉంటే ఇంకో కొన మూల విరిగినట్టు చిన్న నొక్కు ఉంటుంది. పిల్లమొక్క కూర్చున్న చోటు అది. వరిలో కాటిలిడన్ డాలులా పల్చటి చిన్న బిళ్ళ, మొక్కకీ పిండికీ మధ్య అడ్డంగా ఉండి ఇటు పీల్చి అటు ఇస్తుంది. పాలిష్ పట్టినప్పుడు మొలకతో పాటే తవుడులోకి పోతుంది. దంపుడు బియ్యంలో ఇంకా కొంత అంటుకుని ఉంటుంది. అంటే పప్పన్నం కలిపినప్పుడు, పప్పు మొత్తం కాటిలిడన్, అన్నంలో చిటికెడు కూడా లేదు. నెయ్యి సంగతి వెట్ బాబుని అడగండి.

పాత నిఘంటువు

అందరూ గ్రీకు మీదే పడ్డారు, మన మాట సంగతి ఎవరూ ఎత్తలేదు. బీజదళం అని పుస్తకంలో పెట్టినవాళ్ళు గింజలోని ఆకు అనే అర్థంలో పెట్టారు, సరే. కానీ దళం అంటే సంస్కృతంలో ఆకు ఒక్కటే కాదు, చీలిన ముక్క అని కూడా. ధాతువుకే పగలడం, విచ్చుకోవడం అని అర్థం. హిందీ వాళ్ళ దాల్ అందులోంచి వచ్చిందే. మా ఇంట్లో మాధ్వుల పద్ధతి, చాతుర్మాస్యంలో నెలకొకటి వదులుతాం, చివరి నెల ద్విదళ వ్రతం, కంది, పెసర, మినుము, శనగ ఏదీ ముట్టం. చిన్నప్పుడు మా అవ్వని ద్విదళం అంటే ఏందని అడిగితే, గింజని తిరగట్లో వేస్తే రెండుగా విడిపోయేదంతా అదేరా అని చెప్పింది. మా అవ్వ బడికి పోలేదు. జాన్ రే గురించి వినే అవకాశం అసలే లేదు.

కాబట్టి నా వాదన, గ్రీకు మాట గిన్నె చుట్టూ తిరిగి తిరిగి గింజలోకి వచ్చింది, మన ద్విదళం నేరుగా గింజలోంచే పుట్టింది. ఏకదళం అన్నమాట మాత్రం ఇంగ్లీషు పుస్తకం చూసి కట్టుకున్నది, అది ఒప్పుకుంటాను.

కావలి మాష్టారు

ఒప్పుకున్నాను. ఒక్క మెలిక, విరిగేదంతా ద్విదళం అన్న లెక్కలో అవ్వ వంటింట్లో చింత, ఆముదం, గుమ్మడి రావు, అవీ మాకు ద్విదళబీజాలే. ఆమె లెక్క తిండిది, మాది మొక్కది. తగాదా లేదు.

పాలేటి గట్టు

అప్‌డేట్. మూడో రోజు తెల్లవారుజామున మాయ పడింది, మొత్తంగానే వచ్చినట్టుంది, డాక్టరు గారు మళ్ళీ చూసి లోపలేమీ లేదన్నారు, ఇంకో రెండు రోజులు మందు వాడమన్నారు. దూడ చెంగుచెంగున ఎగురుతోంది.

మా అమ్మ మాయని గడ్డిలో చుట్టి మర్రిచెట్టుకి కట్టాలని పట్టుబట్టింది, పాలు కారే చెట్టుకి కడితే ఆవుకి పాలు బాగా వస్తాయని మావాళ్ళ నమ్మకం. డాక్టరు గారు కుక్కలు లాగుతాయి, సున్నం చల్లి లోతుగా పూడ్చమన్నారు. పూడ్చాం, అమ్మ ఇంకా మాట్లాడటం లేదు. పూడ్చే ముందు మా అమ్మాయి గ్లవుజులు తొడుక్కుని, కర్రపుల్లతో కుచ్చు కుచ్చునీ తిప్పుతా లెక్కపెట్టింది, 83 దాకా వచ్చి, ఎక్కడ మొదలుపెట్టిందో మర్చిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంటే నేనే ఆపించాను, వాసనకి నిలబడలేక.

శనగ కూడా నానబెట్టి విప్పింది మాష్టారూ. ఆ ఆవగింజంత మొక్క కనిపించింది. ఇప్పుడు ఆముదం గింజ కావాలంట, ఊళ్ళో ఎవరూ వెయ్యడం లేదు, చెరువుకట్ట మీద వెతకడానికి పోయింది.

గిద్దలూరు కుర్రోడు

మా వైపు చేలగట్ల మీద బోలెడు ఉందన్నా, అడ్రస్ ప్రైవేటు మెసేజ్‌లో పెట్టు, కవర్లో వేసి పంపిస్తా. మావి సంగతి మాత్రం నేను వదల్లేదు, దాని మీద వేరే పోస్టు పెడతా.